పొరుగు లాభం

అమీర్‌పేట, హైదరాబాద్
3 జూలై 2011

చిన్నమ్మా,

ఎట్లున్నావు? నీతో ఫోన్‌లో మాట్లాడే వీలుంటే ఈ సంగతి ఐదు నిమిషాల్లో అయిపోయేది. తెలుగులో మెసేజ్ పంపితే నీ ఫోన్‌లో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందన్నావు. ఇంగ్లీషులో పంపితే టెలిగ్రామ్ లాగా ఉందని తిట్టావు. అందుకే కాగితం తీసుకొని కూర్చున్నాను.

కొత్త ఉద్యోగం మాదాపూర్‌లో. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ. రామాయంపేటలో అమ్మ అందరికీ "మావోడు సాఫ్ట్‌వేర్ల ఉన్నడు" అని చెప్పుకుంటుంది, ఆటల సంగతి మాత్రం ఎత్తదు. మాది ఉరుకులు పెట్టి కాల్చుకునే ఆట కాదు. చదరంగంలాగా ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. పటమంతా తేనెపట్టులా ఆరు మూలల గడులు. కొన్నింట్లో కొండ, కొన్నింట్లో నది, కొన్నింట్లో అడవి, మిగిలింది ఉత్త నేల. ఊరు ఏ గడిలో పెట్టాలో ఆడేవాడు మొదట తేల్చుకోవాలి. తర్వాత దాని చుట్టూ బజారు, బడి, మిల్లు, కోట ఒక్కొక్కటే కట్టుకుంటూ పోవాలి. దేని పక్కన ఏది పెట్టాడన్నదాన్ని బట్టి పాయింట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. నదిని ఆనుకొని మిల్లు పెడితే రెండు ఎక్కువ. రెండు బాటలు కలిసేచోట బజారు పెడితే మూడు ఎక్కువ. మేం దీన్ని పొరుగు లాభం అంటున్నాం.

ఆ పట్టిక రాసే పని నాకిచ్చారు. మా ప్రభాకర్ సార్ "ఫారిన్ ఆటల నకలు కొట్టకు, మనూర్ల లెక్క ఉండాలె" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా సర్కారు ఆఫీసులో ఊరి పటాలు గీస్తున్న చిన్నమ్మ మెదక్‌లో ఉండగా ఇంకెవరిని అడగను? దేని పక్కన ఏది ఉంటే బాగుపడుతుంది, ఏది ఉంటే చెడిపోతుంది, తోచినట్టు రాయి.

నీ అభి


మెదక్
12 జూలై 2011

అభీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పదమూడో ఏట జ్వరంలో చెవులు పోయినప్పటి నుంచీ నన్ను పలకరించేవాళ్లంతా పెదవులు పెద్దగా ఆడిస్తూ "తిన్నవా, పన్నవా" అనే అడుగుతారు. నా పని గురించి అడిగినవాడివి నువ్వే.

మన ఊరే తీసుకో. కొండ మీద కోట, కిందనే పాత బజారు. కోటలో కాపలా ఉన్న రోజుల్లో సిపాయిల కోసం బజారు పుట్టి ఉంటుంది. అది నీ పట్టికలో రాసుకో, కొండ పక్క కోటకు లాభం, కోట పక్క బజారుకు లాభం. బట్టల దుకాణం పక్కన దర్జీ, దర్జీ పక్కన గుండీలు, లేసులు అమ్మే కొట్టు. ఈ ముగ్గురిలో ఒకరిని లేపి ఇంకో వీధిలో పెడితే ముగ్గురికీ గిరాకీ పడిపోతుంది. నేను కళ్లారా చూశాను. తాసీలు ఆఫీసు పక్కన దస్తావేజులు రాసేవాళ్లు, వాళ్ల పక్కన చాయ్ హోటల్. బడి పక్కన బడి పెడితే ఏమీ రాదు. రైస్ మిల్లును ఊరికి పడమట పెట్టకు, వానకాలం గాలికి ఊక దుమ్మంతా దవాఖానాలోకి పోతుంది.

ఊరికీ ఊరికీ మధ్య ఎంత ఎడం ఉండాలో కూడా చూసుకో. ఎడ్లబండి పొద్దున పోయి పొద్దుగూకేలోపు తిరిగొచ్చేంత. అంతకంటే దగ్గరైతే ఒక సంత ఇంకో సంతను తినేస్తుంది. ఎల్దుర్తి తన సంత తాను నిలబెట్టుకున్నది ఆ ఎడం వల్లనే అని నా లెక్క.

గ్రాఫు కాగితం మీద ఒక ఊరు గీసి పెడుతున్నాను. ఆఫీసులో మాస్టర్ ప్లాన్ పని నడుస్తోంది. హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లు షీట్లు పంపుతారు, నేను ట్రేసింగ్ చేస్తాను. ఇన్‌వర్డ్ సీటు కూడా నాకే ఇచ్చారు, వచ్చిన కాగితం మీద ముద్ర కొట్టి నంబరు వేయడం. మాటలతో పనిలేని సీటని. మా హెడ్ క్లర్క్ వెంకట్రాములు సార్ మంచివాడు. మీటింగ్ ఉంటే నా పక్కన కూర్చొని అందరి మాటలూ చీటీల మీద రాసిస్తాడు, జోకులతో సహా.

అక్కను అడిగానని చెప్పు.

మీ చిన్నమ్మ
కౌసల్య


అమీర్‌పేట
31 జూలై 2011

చిన్నమ్మా,

నీ గుండీల కొట్టు చదివి ప్రభాకర్ సార్ కుర్చీలోంచి లేచాడు. "గీమె ఎవరు? మన ఆఫీసుకు తీసుకురారాదు" అన్నాడు. దర్జీ, బట్టలు, గుండీలు మూడూ కలిసి ఉంటే ఆరు పాయింట్లు. ఎడ్లబండి ఎడం కూడా పెట్టేశాం. ఆడి చూసినవాళ్లంతా ఊరు ఎక్కడ పెట్టాలా అని అరగంట తలలు పట్టుకుంటున్నారు. ఆటకు కావలసింది అదే.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఊరు పెరిగిన కొద్దీ ఆటగాడు చెత్త కుప్పకు ఒక గడి ఇవ్వక తప్పదు. బజారు పక్కన పెడితే రెండు పోతాయి, ఇళ్ల పక్కన మూడు, నది పక్కన నాలుగు. చుట్టూ ఖాళీ గడులుంటే ఏమీ పోదు. కాబట్టి తెలివైనవాడు మొదటి నుంచే ఒక ఖాళీ మూల చూసిపెట్టుకుంటాడు. ఇది సరిగ్గానే ఉందా? నువ్వైతే ఎక్కడ పెడతావు?

తొందరగా రాయి, పదిహేనో తారీఖులోపు పట్టిక ఇవ్వాలి.

అభి


మెదక్
14 ఆగస్టు 2011

అభిలాష్‌కు,

ఆ గడి ఖాళీ అని ఎవరు రాశారు? పోయి చూశారా?

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్లు నన్ను ఇవన్నీ అడగకు.

కౌసల్య


అమీర్‌పేట
28 ఆగస్టు 2011

చిన్నమ్మా,

నీకు కోపం వచ్చిందని తెలిసింది. తప్పు నాదే. నీ తెలివంతా తీసుకొని నా పేరు మీద చెప్పుకుంటున్నానని అనుకున్నావు కదా? ఆట అయిపోయాక తెర మీద పనిచేసినవాళ్ల పేర్లు వస్తాయి. అందులో నీ పేరు పెట్టమని ప్రభాకర్ సార్‌ను అడిగాను, ఒప్పుకున్నాడు. కొండ కింద ఉండే మొదటి ఊరికి కౌసల్యాపురం అని కూడా పెట్టాను. ఇంక నవ్వు.

చెత్త కుప్ప నియమం మాత్రం అట్లాగే ఉంచేశాను, నువ్వు ఏమీ చెప్పలేదు కాబట్టి.

నీ అభి


మెదక్
11 సెప్టెంబర్ 2011

అభీ,

నా పేరు తీసెయ్. ఊరికి పెట్టింది కూడా తీసెయ్. అలిగి రాయడం లేదు. నీ ఆటలో ఆ కుప్ప ఉన్నంతకాలం దాని పక్కన నా పేరు వద్దు. ఆఫీసులో నేనొక తప్పు చేశాను. అది చెప్పే ధైర్యం వచ్చాక రాస్తాను. నీ మీద కోపం కాదని మాత్రం నమ్ము.

ఎల్లుండి నుంచి సమ్మె. మా ఆఫీసులో ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు. వెంకట్రాములు సార్ చీటీ మీద పెద్ద అక్షరాలతో "తెలంగాణ వచ్చేదాక తాళం తీసేది లేదు" అని రాసి నా టేబుల్ మీద పెట్టాడు. నేను కింద సంతకం చేశాను.

మీ చిన్నమ్మ


అమీర్‌పేట
29 సెప్టెంబర్ 2011

కౌసల్య గారికి,

చిన్నమ్మా అని రాయడానికి చేయి రావడం లేదు.

ఆదివారం అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "మీ చిన్నమ్మ ఒక్కతే ఆఫీసు తెరిసిందంట, పోలీసోళ్లను పెట్టుకోని పని చేస్తుందంట, రామాయంపేటల నాకు మొఖం సూపెట్టనీకి లేదు" అంది. నేను నమ్మలేదు. తర్వాత పేపర్‌లో నీ ఫోటో చూశాను. తలుపు తెరిచి ఉంది, గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు, లోపల నువ్వు. కింద "సమ్మెలోనూ విధులు" అని రాశారు.

బస్సులు ఆగిపోయాయి, బొగ్గు ఆగిపోయింది, టీచర్లు జీతాలు వదులుకొని రోడ్ల మీద కూర్చున్నారు. నీకేం భయమేసింది? మెమో ఇస్తారనా? తాళం తీసేది లేదన్న చీటీ కింద సంతకం పెట్టానని నాకే రాశావు. చేశానన్న తప్పు ఇదేనా? తెలంగాణకు వెన్నుపోటు పొడిచింది మా ఇంటి మనిషే అని నేను ఎవరికి చెప్పుకోను?

అభిలాష్


మెదక్
8 అక్టోబర్ 2011

అభిలాష్‌కు,

బస్సులు లేక నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. ఫోటో నిజమే. తలుపు తెరిచింది నేనే. ఎందుకో వరుసగా చెప్తాను.

జూలై నెలాఖరున కన్సల్టెంట్ల షీటు ఒకటి వచ్చింది. ఊరి చెత్త పోయడానికి కొత్త యార్డు, పాత కంకర క్వారీ పక్కన. చుట్టూ తెల్లగా వదిలి "ఖాళీ భూమి" అని రాశారు. అది ఖాళీ కాదని నాకు తెలుసు. అక్కడ రాళ్లు కొట్టుకొని బతికేవాళ్ల వాడ ఉంది, కంకరగడ్డ అంటారు. ట్రేసింగ్ చేసేవాళ్లు షీటులో ఉన్నదే దించాలి, సొంతంగా గీత కూడా చేర్చకూడదు. ఇన్నేళ్లూ నేను నడిచిన పద్ధతి అదే. తెల్లదాన్ని తెల్లగానే దించి కింద సంతకం పెట్టాను. మరుసటి వారమే నీ ఉత్తరం వచ్చింది, చుట్టూ ఖాళీ గడులుంటే ఏమీ పోదు, నువ్వైతే ఎక్కడ పెడతావు అని. ఎవరో నీకు చెబితే నన్ను ఎత్తిపొడుస్తున్నావని ఒక పూటంతా అనుకున్నాను. నీకు తెలిసే వీలు లేదని తర్వాత తోచింది. అయినా ఆ రెండు ముక్కలు తప్ప రాయలేకపోయాను.

సెప్టెంబర్ తొమ్మిదిన నోటీసు అతికించారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో ఆఫీసులో ఇవ్వాలి. పదమూడున ఆఫీసుకు తాళం పడింది. నేను కూడా టెంటు కింద కూర్చున్నాను. రోడ్డు మీద వంటావార్పు చేస్తే ఉల్లిగడ్డలన్నీ నేనే కోశాను. చాలా ఏళ్ల తర్వాత పదిమందిలో ఒకదాన్నయ్యాననిపించింది.

పంతొమ్మిదిన టెంటు దగ్గరికి ఇద్దరు వచ్చారు. కంకరగడ్డ పెద్దమనిషి గాలయ్య, ఆయన వదిన బాలనర్సమ్మ. ఆమె నా ఎదురుగా కూర్చొని నెమ్మదిగా మాట్లాడింది, పెదవులు అందాయి.

"అమ్మా, మా ఇండ్ల పక్కపొంటి కచ్ర పోస్తరంట. వద్దని కాయితం రాయించుకొచ్చినం. ఆఫీసుకు తాళముంది. రిజిస్టర్ పోస్టు చేస్తే అది గూడ తాళముందని వాపస్ వచ్చింది. తారీఖు దాటినంక మమ్ముల ఎవరడుగుతరు? మా ఇండ్లు మీ పటంలనే లేవంట గద."

ఆ చివరి మాట నా ముఖాన్నే చూస్తూ అంది. పటం గీసింది నేనని ఆమెకు తెలియదు.

ఇద్దరినీ వెంకట్రాములు సార్ దగ్గరికి తీసుకుపోయాను. ఒక్క గంట ఇన్‌వర్డ్ గది తెరుద్దాం అని అడిగాను. ఆయన చీటీ రాశాడు. "వాళ్లకు అన్యాయమే మేడం. గానీ మనం ఒక్క తాళం తీస్తే రేపు అన్ని ఆఫీసుల తాళాలు తీపిస్తరు. నేను ఒప్పుకోను." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. రెండు రోజులు అదే ఆలోచించాను. ముద్ర నా దగ్గరే ఉంది, గది తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. రోజూ పది నుంచి పదకొండు దాకా తెరిచాను. హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు. వాళ్ల దరఖాస్తులు తప్ప ఇంకో కాగితం ముట్టలేదు. కానిస్టేబుళ్లను నేను పిలవలేదు, రెండో రోజు వాళ్లే వచ్చి నిలబడ్డారు. మూడో రోజు ఫోటో తీశారు. మొత్తం ముప్పై ఎనిమిది దరఖాస్తులు. ముప్పై తొమ్మిదోది నాది. గాలయ్య టేపు పట్టుకుంటే వాడంతా కొలిచి కొత్త పటం గీశాను. నలభై రెండు ఇళ్లు, రెండు బోర్లు, ఒక పోచమ్మ గుడి. అంతకుముందు గీసిన పటం తప్పని రాసి, నా పేరు పెట్టి, దాని మీద నేనే ముద్ర కొట్టాను.

మళ్లీ టెంటు దగ్గరికి పోతే పక్కన కూర్చున్నవాళ్లు లేచి ఇంకోచోట కూర్చున్నారు. వెంకట్రాములు సార్ చీటీలు రాయడం మానేశాడు. ఎవరూ రాయకపోతే నాకు ఊళ్లో ఏం జరుగుతున్నదో కూడా తెలియదు. పోయిన ఆదివారం నా తలుపుకు తారు పూసి "ద్రోహి" అని రాశారు. కిరోసిన్‌తో తుడిచాను. అక్కకు చెప్పకు.

జరిగింది ఇది. తప్పో ఒప్పో నువ్వే అనుకో.

కౌసల్య


అమీర్‌పేట
19 అక్టోబర్ 2011

చిన్నమ్మా,

తలుపుకు తారు పూసిందెవరో నాకు తెలియదు. దారి చూపింది మాత్రం నేనే.

పేపర్‌లో నీ ఫోటో చూసిన రోజే దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాను. "మెదక్‌ల ఒక ద్రోహి" అని రాశాను. నీ పేరు రాయలేదు, అదొక్కటే మర్యాద అనుకున్నాను. నువ్వుండే వీధి మాత్రం రాశాను. రెండు వందల మంది దాన్ని పంచుకున్నారు. నీకు ఉత్తరం రాయకముందే ఇదంతా చేశాను. అసలు సంగతి ఏమిటని నిన్ను ఒక్క ముక్క అడగకుండా.

నీ ఉత్తరం చదివిన వెంటనే అది తీసేసి జరిగిందంతా రాసి పెట్టాను. పదకొండు మందే పంచుకున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆటలో నియమం మార్చాను. ఏ గడీ దానంతట అది ఖాళీ కాదు, మనిషిని పంపి నడిచి చూసిన తర్వాతే ఖాళీ అని తేలుతుంది. కొన్ని గడుల్లో ఇళ్లు బయటపడతాయి. ప్రభాకర్ సార్ రెండు రోజులు ఆడి చూశాడు. "మంచిగనే ఉన్నది గని ఆట నెమ్మదైతుంది, తీసెయ్" అన్నాడు. కొంతసేపు వాదించాను. తర్వాత తీసేశాను.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అమ్మకు అంతా చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

అభి


మెదక్
13 నవంబర్ 2011

అభీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. చదివిన రోజు అన్నం సహించలేదు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే ఎవరి దగ్గరా ఉండకుండా నా కొంగు పట్టుకొని పడుకునేవాడివి. నా వీధి పేరు రాసిచ్చింది ఆ చేయే. కోపం పోయిందని అబద్ధం రాయను.

సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు. అందరూ తలలు వంచుకొని వచ్చి సీట్లలో కూర్చున్నారు. నా వైపు ఎవరూ చూడరు. ఆఫీసు పటానికి వ్యతిరేకంగా ఆఫీసు మనిషే సంతకం ఎట్లా పెట్టిందని మెమో ఇచ్చారు. అటు వాళ్లకూ ఇటు వీళ్లకూ కానిదాన్నయ్యాను.

ఇరవై ఎనిమిది, సోమవారం, అభ్యంతరాల మీద విచారణ. కన్సల్టెంట్లు వస్తారు. గాలయ్యకు పటం చదవడం రాదు. నేను గీశాను కాబట్టి నేనే నిలబడి చెప్పాలి. వాళ్లు ఏం అడుగుతారో నాకు వినబడదు, పదిమంది ఒక్కసారి మాట్లాడితే పెదవులు అందవు. ఇదివరకు వెంకట్రాములు సార్ రాసిచ్చేవాడు. ఇప్పుడు ఆయన్ని అడగలేను.

నువ్వు రా. నా పక్కన కూర్చొని వాళ్లు అన్నది అన్నట్టు రాయి. నన్ను తిట్టినా రాయి. నాకు బాధవుతుందని ఒక్క మాట కూడా దాచకు. క్షమించడం సంగతి నాకు ఇంకా తెలియదు, కానీ ఈ పనికి నువ్వు కావాలి.

మీ చిన్నమ్మ


అమీర్‌పేట
18 డిసెంబర్ 2011

చిన్నమ్మా,

విచారణ మీద వచ్చిన ఆర్డర్ కాపీ నువ్వు పంపింది అందింది. రెండుసార్లు చదివితే గానీ నమ్మకం కుదరలేదు. యార్డు క్వారీకి అవతలి వైపు, వాడ నుంచి కిలోమీటరు పైన. కంకరగడ్డ నలభై రెండు ఇళ్లూ పటంలో చేర్చాలని కూడా రాశారు. బాలనర్సమ్మ ఏమన్నదో రాయలేదు నువ్వు. దాంతోపాటే నిన్ను నర్సాపూర్‌కు బదిలీ చేసిన కాగితం కూడా పెట్టావు, దాని గురించి ఒక్క ముక్క లేదు. జనవరి మొదటి వారంలో సామాను సర్దడానికి అమ్మా నేనూ వస్తున్నాం. అమ్మ అడిగి మరీ బయల్దేరుతోంది.

ఆట వచ్చే నెల విడుదల. ఖాళీ గడి నియమం అట్లాగే ఉంది. మళ్లీ వాదించాను, నెగ్గలేదు. నీ పేరు తీసేశాను, నాది కూడా తీసేయమన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు విచారణలో నీ పక్కన కూర్చొని పదకొండు పేజీలు రాసిచ్చాను, ఒక్క మాట దాచొద్దన్నావు. ఒకటి దాచాను.

నువ్వు లేచి గోడకు పెట్టిన పటం దగ్గరికి పోయి, వేలితో ఒక్కో ఇల్లు చూపిస్తున్నావు. మా వైపు నీ వీపు ఉంది. అప్పుడు కన్సల్టెంట్లలో ఒకడు పక్కవాడితో, అందరికీ వినబడేట్టు, "చెవిటిది, ఏం గీసిందో ఆమెకే తెల్వదు" అని నవ్వాడు. నా కలం ఆగిపోయింది. అది నీకు చదివించాలనిపించలేదు. నేనైనా లేచి అడగలేదు. వెనక ఫైళ్లు పట్టుకొని నిలబడ్డ వెంకట్రాములు సార్ ముందుకొచ్చాడు.

"ఆమె తలుపు తెరిసినందుకు నాకు ఆమెతోని పంచాయితీ ఉన్నది. అది మా ఇద్దరి నడుమ ముచ్చట, ఇంక తెగలే. గాని ఇరవై రెండేండ్ల సంది ఆమె కొలతలు నేను చూస్తున్న. గా పటంల ఒక్క గీత తప్పని మీరు చూపించుండ్రి, నా నౌకరి ఇప్పుడే ఇడిసిపెడ్త."

ఆయన వెనక్కి పోయి మళ్లీ నిలబడ్డాడు. నువ్వు అప్పటికి ముప్పై ఒకటో ఇంటి దగ్గర ఉన్నావు.

మొదటి మాట రాయడం ఇష్టంలేక రెండోది కూడా రాయలేకపోయాను. బదిలీ మీద పోయేలోపు నీకు తెలియాలని ఇప్పుడు రాస్తున్నాను.

అభి